చింత తొందరపడదు



ఎండలు ముదిరాయంటే హిందూపురం మార్కెట్ యార్డు నిండా చింతపండే. కరిపులి ఒక పక్క, ఫ్లవర్ రకం ఒక పక్క. వ్యాపారి ఓ రెబ్బ తుంచి, వేళ్ల మధ్య సాగదీసి చూస్తాడు. గుజ్జెంత, నారెంత? ధర అక్కడే తేలిపోతుంది.

ఆ రెబ్బ వెనక ఏళ్ల ఓపిక ఉంది. చింత తొందరపడదు. గింజ నాటితే కాపుకు ఏడెనిమిదేళ్లయినా ఆగాలి. అంటుమొక్క కాస్త ముందు కాస్తుంది. ఆ తర్వాత తరాల తరబడి కాపే. పెనుకొండ, ధర్మవరం వైపు వాన మొహం చాటేసే నేలల్లో అది చిన్న సంగతి కాదు. వేరు లోతుకు దిగి నిలబడుతుంది.

పండితే మామిడి పులుపు వదిలేస్తుంది. చింత వదలదు. తీపి పెరిగినా అందులోని టార్టారిక్ ఆమ్లం అలాగే ఉంటుంది.

మన దగ్గర చాలా ఊళ్ల బోరునీళ్లలో ఫ్లోరైడ్ బెడద ఉంది కదా. దానికి చింతపండు పనికొస్తుందా అని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు చింతపండు పెట్టి చూశారు. మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. అలాగని చారు తాగితే చాలు, మంచినీళ్లు అక్కర్లేదనుకునేరు!

చెక్క సంగతంటారా, మాంసం కొట్టే మొద్దు చింతదే ఎందుకో కొట్టువాణ్ణి అడగండి.

చింత తొందరపడదు, మనమే తొందరగా నాటాలి. ఈ తొలకరికి పొలం గట్టున ఒకటి పెట్టండి. ఇంటి గోడకు మాత్రం దూరంగా.