దుప్పటి కప్పిన వార్మర్

దమ్మపేట దాటి అడవి వైపు పోయే దారిలో ఒక పల్లె. ఇది కథ, కాబట్టి పేరు అడక్కండి. అక్కడి చిన్న ఆసుపత్రికి, పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే వార్మర్ వచ్చింది. రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు, స్వీట్లు పంచారు. ఏడాది తిరక్కుండానే అది ఊరూరికే మోగడం మొదలుపెట్టింది. సిస్టరమ్మ రెండుసార్లు ప్లగ్గు పీకి పెట్టింది. మూడోసారి పీకి, పైన దుప్పటి కప్పేసింది. ‘పాడైంది, కొత్తది పంపండి’ అని కాగితం పోయింది. కొత్తది వచ్చింది. మళ్లీ రిబ్బన్, మళ్లీ స్వీట్లు. కొన్నాళ్లకు దాని మీదా దుప్పటి పడింది. రిజిస్టర్లు పెట్టుకోవడానికి మాత్రం జాగా బాగా కుదిరింది.

ఆ ఊళ్లో మోటారు వైండింగ్ షాపాయన ఒకడున్నాడు. పామాయిల్ తోటల్లో బోరు మోటార్లు కాలితే అందరూ ఆయన దగ్గరికే. కోడలి కాన్పుకని ఆసుపత్రికి వచ్చి, ఊరికే కూర్చోలేక దుప్పటి ఎత్తి చూశాడు. వెంట ఇంటర్ ఎంపీసీ చదివే కూతురు. బిడ్డ పొట్టకు అంటించే సెన్సార్ తీగను వేళ్ల మధ్య మెల్లగా నలుపుకుంటూ పోయి, ప్లగ్గుకు జానెడు దూరంలో ఆగాడు. పై తొడుగు నిక్షేపంగా ఉంది, లోపలి పోగు తెగింది. వాడిన ప్రతిసారీ తీగను అక్కడే మడిచి చుట్టబెట్టారు మరి.

“ఇంతేనా! అతికెయ్యన్నా” అంది సిస్టరమ్మ.

“అతకటం రెండు నిమిషాల పనమ్మా. కానీ నేను చెయ్యను. మోటారైతే నా లెక్క తప్పినా మోటారే కాలుద్ది. ఇది 36.5 అని చూపిస్తే బిడ్డ ఒంట్లో నిజంగా అంతే ఉందని ఎవరు చెప్పాలి? దీని లెక్క తెలిసినోళ్లే చూడాలి.”

ఫోన్ల మీద ఫోన్లు చేయగా, కొన్ని వారాలకు హైదరాబాద్ నుంచి ఒకామె వచ్చింది. కొత్త తీగ బిగించడం పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత గంటకు పైగా, వెంట తెచ్చుకున్న మీటరుతో వార్మర్ చూపే అంకెను సరిచూసుకుంటూ కూర్చుంది. కాగితం మీద రాసుకుంది, తేదీ వేసి స్టిక్కర్ అంటించింది. రెండో వార్మర్‌దీ అదే రోగం. పోయేముందు తీగను మడవకుండా ఎలా చుట్టాలో సిస్టరమ్మ చేత చేయించి మరీ చూసింది.

“నేను ఇదే చదువుతా నాన్నా” అంది కూతురు.

“సీఎస్ఈ అంటే చుట్టాలకు అర్థమవుద్ది. దీన్నేమని చెప్పాలమ్మా?”

“నువ్వు చెయ్యనన్న పని అని చెప్పు.”

నీతి: యంత్రం కొనిచ్చినవాడి కన్నా, అది చూపే అంకెకు పూచీ పడేవాడే బిడ్డకు దగ్గరి చుట్టం.

కథ కల్పితమే గానీ దుప్పట్లు కల్పితం కావు. జాతీయ ఆరోగ్య మిషన్ దేశమంతటా లెక్క తీసినప్పుడు 29,115 ఆసుపత్రుల్లో ఏడున్నర లక్షలకు పైగా పరికరాలు తేలాయి. రాష్ట్రాన్ని బట్టి వాటిలో 13 నుంచి 34 శాతం దాకా పనిచేయడం లేదు. ఆ తర్వాత 2015లో వచ్చిన మరమ్మతు పథకం జిల్లా ఆసుపత్రిలో పరికరాలు 95 శాతం సమయం నడవాలంది, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 80. అడవి అంచుకు ఎనభై చాలన్నమాట! వెళ్లి రావాల్సిన దూరం లెక్కలోకి తీసుకుని ఉంటారు. ఆ దూరమే, కథలో హైదరాబాద్ నుంచి వచ్చినామె లాంటి బయోమెడికల్ ఇంజినీరుకు అక్కడ పని ఉందనడానికి సాక్ష్యం.

ఈ చదువు ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో ఉంది, ఐఐటీ హైదరాబాద్‌లో ప్రత్యేక విభాగమే ఉంది. చదివాక దారులు రకరకాలు. పెద్దాసుపత్రి పరికరాల విభాగం ఒకటి. స్కానర్లు, వెంటిలేటర్లు అమ్మే కంపెనీల్లో సర్వీస్ ఉద్యోగం ఇంకొకటి, అందులో తిరుగుడు ఎక్కువ. తయారీ వైపు మనసుంటే విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్నాయి. 2017 నాటి వైద్య పరికరాల నిబంధనలు వచ్చాక నాణ్యత పత్రాలు, అనుమతులు చూసేవాళ్ల అవసరమూ పెరిగింది. ఇక పరిశోధన అంటారా, హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు మూడు కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, అబ్దుల్ కలాం బృందం క్షిపణికి వాడే తేలికపాటి పదార్థంతో వాటిని 300 గ్రాములకు దించింది.

ఎంబీబీఎస్ సీటు రాలేదని సగం డాక్టర్ అవుదామనుకుని ఇందులో చేరేవాళ్లు మొదటి ఏడాదే నీరుగారిపోతారు. ఇది ఇంజినీరింగ్, లెక్కలు తప్పవు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుడి జీతంతో పోల్చుకుంటే తొలి ఏళ్లలో మనసు చివుక్కుమంటుంది కూడా. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టే ముందు దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లి, పరికరాల మీది స్టిక్కర్లు చదవండి. ఆఖరుసారి ఎప్పుడు సరిచూశారు, తేదీ దాటితే ఎవరిని అడగాలి అని అక్కడివాళ్లను కదిపి చూడండి. ఆ ప్రశ్నలు విసుగనిపిస్తే వేరే బ్రాంచి వెతుక్కోండి.