భయపడువాడు అవిశ్వాసియా?

ధ్యానమునకు: లేవీయకాండము 13:1–6; మత్తయి 6:25–34



రోగమును గూర్చి భయపడుట పాపమా? విశ్వాసియైనవాడు తన దేహమును గూర్చి కలతపడవచ్చునా? ఈ ప్రశ్న మాకు పుస్తకములలో ఎదురుకాలేదు. గత సంవత్సరము వర్షకాలములో ఒక రాత్రి మా యింటి అరుగుమీద ఎదురైనది.

దివిసీమనుండి ఒక యౌవనుడు మా యొద్దకు వచ్చెను. రొయ్యల చెరువుమీద కూలికి పనిచేయువాడు. ఒక చిన్నబిడ్డ గలవాడు. అతడు లుంగీ మోకాలిపైకి లాగి, "అయ్యగారూ, ఈ పిక్క చూడండి, ఎలా అదురుతోందో" అనెను. టార్చి వేసి చూచితిమి. చర్మము క్రింద చిన్న చేప మెదలినట్లు కండ మెదలుచుండెను. మూడు నెలలుగా అట్లే యున్నదట. రాత్రి చెరువు కావలిలో ఫోనులో వెదకగా మోటార్ న్యూరాన్ వ్యాధి యను పేరు కనబడెనట. కండలను కదిలించు నరకణములు క్రమముగా నశించి, కాళ్లు చేతులు, మాట, తుదకు ఊపిరియు బలహీనమగు వ్యాధి యది. నాటినుండి అతడు ప్రతి ఉదయము ఒంటికాలిమీద నిలిచి బలము చూచుకొనుచు, అద్దములో నాలుక చూచుకొనుచు, టేపుతో పిక్కలు కొలుచుకొనుచుండెను. అవనిగడ్డలో ఒక వైద్యుని, బందరులో ఒకరిని, గుడివాడలో మరియొకరిని చూచెను. అందరును భయము లేదనిరి. ఆ మాట రెండు దినములు నిలిచెడిది. మూడవ దినమున, "ఆయన సరిగా చూడలేదేమో" అను తలంపు వచ్చెడిది.

ఆ రాత్రి మేము చేసిన తప్పు ఒప్పుకొనవలెను. "విశ్వాసం ఉంటే ఇంత భయమెందుకు తమ్ముడూ? ప్రార్థన చేసుకో" అని చెప్పి, తలమీద చెయ్యి యుంచి పంపివేసితిమి. అతడు నెల దినములు ఆరాధనకు రాలేదు. రోగభయముతో పాటు, దేవుడు తన్ను విడిచిపెట్టెనను భయము కూడ అతనిని పట్టుకొనెనని తరువాత అతని భార్య చెప్పగా మాకు తెలిసెను. ఒక బరువు మోయలేక వచ్చినవానికి మేము రెండవ బరువు ఎత్తితిమి.

ఆ దినమునుండి ఈ సంగతిని మేము మరల ఆలోచించితిమి. మన ప్రాంతమువారికి భయము ఊరకే పుట్టలేదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమలో వేలాదిమంది కొట్టుకొనిపోయిరి. నేటికిని నవంబరులో గాలి హోరెత్తినయెడల కన్నుమూయలేని వృద్ధులు మన సంఘములలో నున్నారు. 2020 డిసెంబరు మొదటి వారములో ఏలూరులో జనులు ఉన్నట్టుండి మూర్ఛవచ్చి పడిపోయిరి. ఐదువందలమందికి పైగా ఆసుపత్రిలో చేరిరి. ఎక్కువమంది త్వరలోనే కోలుకొని యిండ్లకు పోయిరి. కొందరి రక్తములో సీసము, నికెల్ కనబడెననియు, పురుగుమందుల వలన కావచ్చుననియు పరీక్షించినవారు చెప్పిరి. ఆ వారము మా సంఘములో తల తిరిగిన ప్రతివారును వణికిరి. కుండలోని నీళ్లు త్రాగుటకు జంకిరి. వీరిని అవిశ్వాసులని యెవరందురు? భయము కావలివానివంటిది. కావలివాడు కేక వేయుట అతని పని. అయితే అతడే యింటి యజమానుడై కూర్చున్నయెడల, ఇంటివారెవరును నిద్రపోలేరు.

తుపాను వేళ బందరు ఓడరేవులో ప్రమాద సూచికలు ఎగురవేయుదురు గదా. వాటికి నంబరులు కలవు. ఒకటవ నంబరు ఎగురవేసిన దినమున మనము సామాను సర్దుకొని ఊరు విడువము. జాగ్రత్తగా నుండి, పని చేసికొందుము. పదవ నంబరు ఎగురవేసిన దినమున ఎవరును ఇంట కూర్చుండరు. దేహములో కనబడు సూచనలకును ఇట్టి నంబరులే కలవు. రోగభయము పట్టినవానికి వచ్చిన కష్టమేమనగా, అతని కంటికి అన్నియు పదవ నంబరుగానే కనబడును. మన పెద్దలు కన్ను అదిరినయెడల కీడో మేలో అని శకునము చూచెడివారు. ఆ శకునమును మనము మానుకొంటిమి గాని, ఫోనులో మరియొక శకునము చూచుకొనుచున్నాము.

మేము ఆ యౌవనుని యింటికి పోయి, మా మాట తప్పని చెప్పి, అతనిని వెంటబెట్టుకొని విజయవాడలో ఒక నరముల వైద్యుని యొద్దకు పోతిమి. ఆయన రబ్బరు సుత్తితో మోకాలు తట్టి చూచెను. మడమలమీదను మునివేళ్లమీదను నడిపించెను. చేతుల బలము చూచెను. కండ తరిగిపోలేదనియు, బలము తగ్గలేదనియు చెప్పెను. బలము తగ్గక కండ మాత్రము అదురుట ఆరోగ్యవంతులలోను సామాన్యమేననియు, నిద్రలేమి, ఎక్కువ టీ, కాయకష్టము, తుదకు భయమే దానిని హెచ్చించుననియు, ఆ వ్యాధి లక్షమందిలో సంవత్సరమునకు ఒకరిద్దరికి వచ్చునదనియు వివరించెను. "ఆరు నెలలకు మళ్లీ రా. బలం తగ్గితే ముందే రా. అంతవరకు కొలవడం మానెయ్యి" అనెను.

ఆ మాట వినగానే మాకు లేవీయకాండము 13వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చెను. అందులోని వ్యాధి నేటి కుష్ఠు ఒక్కటే కాదని పండితులు చెప్పుదురు. అది యెట్లున్నను, అక్కడి క్రమము చూడుడి. మచ్చ కనబడినవాడు తన్ను తానే తీర్పు తీర్చుకొనలేదు. యాజకుని యొద్దకు వచ్చెను. సందేహమున్నయెడల యాజకుడు ఏడు దినములు ఆగి మరల చూచెను. ఇంకను ఏడు దినములు ఆగి మరల చూచెను. మచ్చ వ్యాపింపనియెడల పవిత్రుడని నిర్ణయించెను. అప్పుడతడు బట్టలు ఉదుకుకొనవలెను. చూచుటకు ఒకడు, చూచుటకు ఒక దినము, చూచిన తరువాత ఒక మాట, ఆ మాటమీద మరల బ్రదుకు. గంట గంటకు మచ్చను చూచుకొనుమని ధర్మశాస్త్రము ఎక్కడను చెప్పలేదు.

తిరిగి వచ్చుచు బస్సులో ఆ యౌవనుడు మమ్ము అడిగెను: "అయ్యగారూ, ఆ జబ్బు నాకు ఎప్పటికీ రాదని దేవుడు మాట ఇస్తాడా?" ఇచ్చునని చెప్పవలెనని మాకెంతో ఆశ కలిగెను. చెప్పలేకపోతిమి. మా తండ్రిగారు పక్షవాతముతో పడిపోయిరి. మా యెడమచేయి తిమ్మిరెక్కిన ప్రతిసారి మేమును రహస్యముగా పిడికిలి బిగించి చూచుకొన్నవారమే. పౌలు తన ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. అది తొలగలేదు, కృప మాత్రము దొరికెను. మత్తయి ఆరవ అధ్యాయములో ప్రభువు రేపు కీడు రాదని చెప్పలేదు. ప్రతి దినమునకు దాని కీడు ఉండునని ఒప్పుకొనియే, రేపటిదానిని నేటికి తెచ్చుకొనవద్దనెను.

కాబట్టి మేము అతనితో ఇట్లు చెప్పితిమి: "రాదని చెప్పలేను తమ్ముడూ. కానీ మొన్న నీ బిడ్డ ఎత్తుకోమని చేతులు చాపినప్పుడు నువ్వేం చేస్తున్నావు?" అతడు కొంతసేపు ఊరకుండి, "పిక్క కొలుచుకుంటున్నాను" అనెను. ప్రియులారా, వ్యాధి ఇంకను రాలేదు. ఆ దినము మాత్రము పోయెను. భయపడుట పాపము కాదు. అయితే దేవుడు నేడు మన చేతికిచ్చిన బిడ్డను, పనిని, పొరుగువానిని భయమునకు అర్పించుట నష్టము. అందునుండి మనము ఒకరినొకరు తప్పించుకొనవలెను.

ఇక మనము చేయవలసినది. ఉన్నట్టుండి మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను అది పదవ నంబరు. ప్రార్థనకూటము ముగియువరకు ఆగక 108కి ఫోను చేయుడి. మెదడులో రక్తము గడ్డకట్టినదైతే, దానిని కరగించు మందు నాలుగున్నర గంటలలోపు ఇయ్యవలెను. బొత్తాము పెట్టుకొనలేకపోయినను, పాదము ఈడ్చుకొనిపోవుచున్నను, బలము తగ్గుచున్నను వైద్యునికి చూపించుడి. మిగిలినవాటికి ఒక్క వైద్యుని నమ్మి, ఆయన పెట్టిన దినమువరకు ఆగుడి. రాత్రివేళ ఫోనులో రోగములు వెదకకుడి. నెలల తరబడి భయము వదలనియెడల ఆ భయమే ఒక వ్యాధి. మాటలచేతను మందులచేతను దానికి చికిత్స కలదు. 2022లో ప్రారంభమైన టెలీ మానస్ అను ప్రభుత్వ సేవకు 14416 నంబరులో ఉచితముగా మాటలాడవచ్చును. ఇది అవిశ్వాసము కాదు. పౌలు వైద్యుడైన లూకాను వెంటనుంచుకొనెను. తిమోతి కడుపు బాధకు ఉపాయము వ్రాసి పంపెను. మరియు ఎవరైన తమ భయము చెప్పుకొనుటకు వచ్చినప్పుడు, "ఏమీ లేదు పో" అనియు, "విశ్వాసము లేదు" అనియు చెప్పకుడి. కూర్చుండి వినుడి.

ఆరు నెలలకు వైద్యుడు మరల చూచి, బలము అట్లే యున్నదని చెప్పెను. ఆ యౌవనుని పిక్క ఇప్పటికిని అప్పుడప్పుడు అదురును. టేపు భార్యకు తిరిగి యిచ్చివేసెను; అది ఆమె కుట్టుమిషను దగ్గరిది. కొన్ని రాత్రులు భయము మరల వచ్చినప్పుడు మాకు ఫోను చేయును. జబ్బు ఉన్నదా లేదా అని మేము చర్చింపము. ఈ రోజు పాప ఏమన్నదని అడుగుదుము. అతడు చెప్పును. కలిసి ప్రార్థించి పండుకొందుము.

ఈ దినమునకు చాలినంత ధైర్యమును ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.