కనీస శిక్షయు, న్యాయమూర్తి విచక్షణయు

నేరము రుజువైన పిదప, శిక్షను గూర్చి చెప్పుకొనవలసిన దేమైనను కలదా యని కామారెడ్డి సెషన్సు న్యాయమూర్తి ముద్దాయి నడుగును. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఈ విచారణను విధించినది. 2024 జులై 1 నుండి అమలైన నాగరిక సురక్షా సంహితయు దానిని నిలిపినది. అయితే చట్టమే ఇంతకు తగ్గరాదని శాసించినచోట ముద్దాయి యిచ్చు జవాబునకు విలువ యెంత?

కనీస శిక్ష ఊరక పుట్టలేదు. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు ఠాణాలో ఒక స్త్రీపై జరిగిన అత్యాచారము నగరమును అట్టుడికించెను. విచారణ సంఘము పోలీసులను దోషులని తేల్చినను, రాయచూరు న్యాయస్థానమున వారు విడుదలైరి. అట్టి ఆగ్రహముల ఫలితముగ 1983లో అత్యాచారమునకు కనీసము ఏడేండ్ల శిక్ష ఏర్పడెను. ప్రత్యేక కారణములను తీర్పులో వ్రాసి శిక్షను తగ్గించు వెసులుబాటు మాత్రము న్యాయమూర్తికి మిగిలెను.

ఆ వెసులుబాటు దుర్వినియోగమైన మాటయు నిజమే. పదమూడు, పదునాలుగేండ్ల బాలికపై అత్యాచారము చేసినవానికి పడిన పదేండ్ల శిక్షను ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నాలుగేండ్లకు తగ్గించగా, 1995లో సుప్రీంకోర్టు ఏడేండ్లకు పెంచినది. విచక్షణ యనగా దయ యని పొరబడిన ఫలమిది! 2013లో పార్లమెంటు ఆ తలుపును మూసివేసెను. 2018లో కనీస శిక్ష పదేండ్లయ్యెను.

ఇక రెండవ ప్రక్క చూడవలెను. ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలో పదునేడేండ్ల బాలికయు, పందొమ్మిదేండ్ల యువకుడును ప్రేమించుకొని ఇల్లు విడిచిపోయిరనుకొందము. బాలల రక్షణకై 2012లో వచ్చిన పోక్సో చట్టమున ఆమె సమ్మతికి విలువ లేదు. 2019 సవరణ తరువాత అతనికి కనీసము పదేండ్లు. ఆమె గర్భవతి యైనచో ఇరువది యేండ్లు. బాలికను చెరబట్టిన దుర్మార్గునికిని, వీనికిని కొలత యొక్కటే. న్యాయమూర్తి కరుణామయుడైనచో ఏమి చేయును? శిక్ష తగ్గింపజాలడు గనుక సాక్ష్యమున లేని సందేహమును వెదకవలసి వచ్చును. అది అబద్ధము, న్యాయపీఠమునకు తగదు.

కారణములను వ్రాయించు పాత పద్ధతియే మేలు. విచక్షణ తప్పినచో, 1995లో వలె, పైకోర్టు దిద్దగలదు. కనీస శిక్షయే అన్యాయమైనచో దిద్దువారెవరు? పశ్చిమ బెంగాలులో ఇరువది యేండ్ల శిక్ష పడిన యొకనిని, బాధితురాలు అతనితోనే కాపురముండి బిడ్డను పెంచుకొనుచున్నదని తెలిసికొని, 2025 మే 23న సుప్రీంకోర్టు మరల చెరకు పంపలేదు. అందుకు రాజ్యాంగపు 142వ అధికరణమును వాడి, ఇది ఇతర కేసులకు ఆదర్శము కాదనియు పలికినది. ఆ అధికారము కామారెడ్డి న్యాయమూర్తికి లేదు. ఎల్లారెడ్డి కూలివాని కుమారుడు ఢిల్లీ దాక పోవుటకు ఎన్నియేండ్లు పట్టును, ఎంత ధనము కావలెను?