లైసెన్సు ఉంటే చాలా?



నవరాత్రులలో మనం ఆయుధపూజ చేస్తాం. వంటింటి కత్తిపీట, కారు తాళాలు, మా ఇంట్లో అయితే స్టెతస్కోపు కూడా అమ్మవారి ముందు పెడతాం. ఈ సందర్భంలో ఆయుధానికి సంబంధించిన ఒక ప్రశ్న గురించి ఆలోచిద్దాం.

ఆ మధ్య ఒక మిత్రుడు అడిగారు: "డాక్టరు గారూ, సెలవులకు న్యూజిలాండ్ వెళ్తున్నాం. అక్కడ జింకల వేటకు రమ్మంటున్నారు. లైసెన్సు తీసుకుంటే తప్పేముంది?"

చట్టం ప్రకారం తప్పు లేదు. అక్కడ బయటిదేశం వారికి విజిటర్ తుపాకీ లైసెన్సు ఇస్తారు. ప్రభుత్వ అడవుల్లో వేటకు పర్మిట్ కూడా తీసుకోవాలి. స్కాట్లాండ్‌లో అయితే స్థానికులు ఒకరు మన తరఫున పోలీసులకు దరఖాస్తు చేయాలి. అలా అనుమతించడానికి కారణం ఉంది. న్యూజిలాండ్‌కు జింకలను 19వ శతాబ్దంలో వలస వచ్చినవారు తెచ్చారు. వాటిని తినే మృగాలు అక్కడ లేవు. అవి పెరిగిపోయి అడవిని మేసేస్తున్నాయి. స్కాట్లాండ్‌లోనూ తోడేళ్ళు అంతరించాక ఇదే పరిస్థితి.

మనం ఉంటున్న ఈ గడ్డ కథ వేరు. తుపాకులు, మోటారు వాహనాలు వచ్చాక అరేబియా ఒరిక్స్‌ను వెంటాడి వేటాడారు. 1972 నాటికి ఎడారిలో స్వేచ్ఛగా తిరిగే ఒరిక్స్ ఒక్కటీ మిగల్లేదు. ముందుచూపుతో షేక్ జాయెద్ గారు కొన్నింటిని పట్టించి పెంచబట్టి ఈరోజు సర్ బనీ యాస్ ద్వీపంలో మన పిల్లలు వాటిని చూడగలుగుతున్నారు. 1983లో ఫెడరల్ చట్టం చేసి వేటను కట్టడి చేశారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణది మచ్చల జింక. వాటిని చంపితే జైలే.

అంటే ఒక చోట పర్మిట్ ఇచ్చే పనికి మరో చోట శిక్ష. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. మరి ధర్మం?

మహాభారతం అరణ్యపర్వంలో ఒక చిన్న ఘట్టం ఉంది. ద్వైతవనంలో పాండవులు వేటాడి జీవిస్తున్నప్పుడు ధర్మరాజు కలలోకి జింకలు వచ్చాయి. "మేం కొద్దిమందిమే మిగిలాం. విత్తనానికైనా మమ్మల్ని ఉంచండి" అని వేడుకున్నాయి. క్షత్రియుడికి వేట నిషిద్ధం కాదు, ఆయనను ఆపేవారూ లేరు. అయినా తెల్లవారగానే తమ్ముళ్ళకు చెప్పి కామ్యకవనానికి తరలిపోయాడు.

మన పెద్దలు వేటను సప్తవ్యసనాలలో చేర్చారు. మరి కన్నప్ప వేటగాడే కదా, శివుడు ఆయన్ని దగ్గరకు తీసుకోలేదా? తీసుకున్నాడు. కన్నప్పకు వేట బతుకుతెరువు. వ్యసనమయ్యేది సరదా కోసం చేసినప్పుడే.

"ఎలాగూ ఎవరో ఒకరు చంపాల్సిన జింకే కదా, నేను చంపితే ఏం?" అన్నారు మిత్రులు. న్యాయమైన ప్రశ్నే. జింకకు తేడా లేదు. తేడా తుపాకీ పట్టినవారికే. నేను రష్యాలో వైద్యం చదివేటప్పుడు సర్జరీ ప్రొఫెసరు గారు, కోయడం చేతనైనంత మాత్రాన సర్జన్ కాడని, కోయకుండా ఉండడం కూడా తెలియాలని చెప్పేవారు. అవసరమైతే కాలు తీసేస్తాం. అది రోగి కోసం, మన సరదా కోసం కాదు. అడవిని కాపాడే ఉద్యోగి జింకను కాల్చడం విధి. ఫోటో కోసం విమానమెక్కి వెళ్ళి కాల్చడం విధి కాదు.

ఈ మాట చెప్పి మనం పెద్దరికం పోనక్కరలేదు. సూపర్ మార్కెట్లో మటన్ కొని బిర్యానీ వండుకునే మనకు వేటగాడిని తిట్టే హక్కు తక్కువే. అయితే ఆ ప్రశ్నే మన పళ్ళెం ముందు కూడా వేసుకోవచ్చు: ఇది అవసరమా, సరదానా?

ఈ దేశపు జాతీయ వృక్షం గాఫ్, మన జమ్మిచెట్టే. పాండవులు ఏడాదిపాటు ఆయుధాలు దాచింది జమ్మిమీదే. ఈ దసరాకు జమ్మి దగ్గర నిలబడినప్పుడు, ఆయుధం ఎప్పుడు దించాలో కూడా పిల్లలకు చెబుదాం.