స్థితికరణము: తోడు నడచు ధర్మము



సమ్యగ్దర్శనమునకు ఎనిమిది అంగములని పెద్దలు చెప్పియున్నారు. అందు నిర్విచికిత్స, ఉపగూహనము, స్థితికరణము అను మూడింటిని నేడు విచారింతము. నిర్విచికిత్స యనగా రోగిని చూచి రోయకుండుట. ఉపగూహనమనగా తోడివాని లోపమును నలుగురిలో చాటకుండుట. స్థితికరణమనగా తొట్రుపడువానిని మరల నిలబెట్టుట. ఈ మూడును ఒక్కసారిగా పరీక్షకు వచ్చు ఇల్లు ఒకటి కలదు. అది మనోవ్యాధి ప్రవేశించిన ఇల్లు.

అట్టి ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో ఉండవచ్చును, బంగారుపేటలో ఉండవచ్చును, ములబాగిలులో ఉండవచ్చును. నిన్నటివరకు దుకాణములో చక్కగా లెక్కలు వ్రాసిన కుమారుడు రాత్రులు నిద్రపోడు. ఎవరును పలుకకున్నను మాటలు వినబడుచున్నవనును. తల్లి పెట్టిన అన్నమును అనుమానించును. మొదట తాయెత్తు కట్టుదురు. పిదప వెనుక గదిలో ఉంచి తలుపు మూయుదురు. ఎవరైన అడిగినచో “ఊరికి పోయినాడు” అందురు. ఏల? చెల్లెలి సంబంధము తప్పిపోవునని, దుకాణము పరపతి చెడునని. ఈ భయము వట్టిదని నేననను. ఆ సంబంధము వెనుకకు తీసికొనువారము మనమే గదా! కావున ఆ తలుపు మూసినది తండ్రి యొక్కడే కాదు, మనమందరము.

కొందరు దీనినే ఉపగూహనమని సమాధానపడుచున్నారు. అది పొరపాటు. ఉపగూహనము దోషమును కప్పును గాని మనిషిని కప్పివేయదు. పైగా రోగము దోషమే కాదు. గృహస్థుని అహింసావ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో మొదటిది బంధము, అనగా ప్రాణిని కట్టివేయుట. పశువును కట్టి బాధించుటయే అతిచారమైనపుడు కన్నబిడ్డను బంధించుట ఏమగును? 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, మనోరోగుల నుంచిన ఒక పాకకు నిప్పంటుకొని 28 మంది కాలిపోయిరి. సంకెళ్లుండుటచే వారు పరుగెత్తలేకపోయిరి. 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, 2018 మే నెలనుండి అమలులోనికి వచ్చి, మనోరోగులను గొలుసులతో కట్టుటను పూర్తిగా నిషేధించినది. మన వ్రతము ఏనాడో చెప్పినదానిని చట్టము నేడు చెప్పినది.

“అది వాని పూర్వకర్మ” అనువారును కలరు. అసాతావేదనీయ కర్మమును ఎవరు కాదందురు? కాని జ్వరము వచ్చినపుడు కర్మమని చెప్పి వైద్యుని మానుచున్నామా? కర్మోదయమునకు నిమిత్తములున్నట్లే ఉపశమమునకును నిమిత్తములున్నవి. ఔషధము ఒక నిమిత్తము, ఆప్తుని మాట మరియొకటి. ఉద్దాయన మహారాజు కథ మీరెరిగినదే. రోగియైన ముని తనపై వమనము చేసికొన్నపుడు ఆ రాజు ఆయన కర్మమును లెక్కించుచు కూర్చుండలేదు. రాణితో కలసి తన చేతులతోనే కడిగినాడు.

ఇక స్థితికరణము. వారిషేణ ముని బాల్యమిత్రుడు దీక్ష తీసికొనియు, ఇంటిని, ఇల్లాలిని మరువలేక లోలోన కుమిలిపోయెను. వారిషేణుడు అతనిని నిందింపలేదు. తాను విడిచివచ్చిన రాజభవనమునకే వెంటబెట్టుకొనిపోయి తన పూర్వ వైభవమును చూపెను. మిత్రుని మనస్సు నిలిచినది. ఆ మాటకు బలమెక్కడిది? తానును ఆ దారినే నడచినవాడగుటచే వచ్చినది.

మన ఊరివారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. 3 కిలోమీటర్లకు మించిన లోతువరకు మనుష్యులు దిగిన చాంపియన్ రీఫ్ గని మన ఊరిదే. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి గాని వాటిలో పనిచేసిన పెద్దలు ఇంకను ఉన్నారు. వారినడుగుడు: చీకటిలో దారి తప్పినవానికి పైనుండి వేసిన కేక పనికివచ్చునా, ఆ దారి నెరిగినవాడు దీపముతో ప్రక్కకు వచ్చుట పనికివచ్చునా?

మనోవ్యాధిని అనుభవించి కోలుకొన్నవారు అట్టి దీపధారులు. 1937లోనే అమెరికాలోని చికాగో నగరమున అబ్రహాం లో అను వైద్యుడు ఆసుపత్రినుండి ఇల్లు చేరినవారు ఒకరికొకరు తోడ్పడునట్లు ఒక సంఘమును ఏర్పరచెను. మన అహమ్మదాబాదు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో కూడ కోలుకొన్నవారికి శిక్షణనిచ్చి, తోటి రోగులకు అండగా నిలిపిరి. వారు వైద్యులు కారు. “నాకును అట్లే వినబడెను, నేడు నేను పనికి పోవుచున్నాను” అని చెప్పగలవారు. ఆ మాట వైద్యుడు చెప్పలేడు, తల్లి చెప్పలేదు.

మనమేమి చేయవలెను? వారమునకొక దినము నలుగురైదుగురు రోగులు కూర్చుండుటకు ఒక గది చూపుడు. వారి కుటుంబములవారికి వేరొక దినము చూపుడు. నియమములు మూడు చాలును. అచ్చట విన్నమాట గడప దాటరాదు. ఎవరును తమ సంగతి చెప్పవలెనే గాని ఎదుటివానికి ఉపదేశము చేయరాదు. మందు మానుమని ఎవరును అనరాదు. ఎవరైన చావు మాట ఎత్తినచో ఆ దినమే వైద్యునికి చూపవలెను, ఒంటరిగా విడువరాదు. 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థగా వెలసి, 1974లో నిమ్హాన్స్‌గా మారిన వైద్యశాల మనకు బెంగుళూరులోనే ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్‌కు 14416 అను సంఖ్యతో ఇంటినుండియే మాటలాడవచ్చును, రుసుము లేదు.

తపస్సును గూర్చి ఒక హెచ్చరిక. లిథియము వాడువారు నీరు కూడ మాని చౌవిహార ఉపవాసము చేసినచో, ఆ మందు రక్తములో హెచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. రాత్రిభోజన త్యాగులు మందు మానివేయక, సూర్యాస్తమయమునకు ముందే తీసికొనవచ్చునేమో వైద్యుని అడుగవలెను. ఉపవాసము చేయలేనివాడు తపస్సులేనివాడు కాడు. ఆరు అంతరంగ తపస్సులలో వైయావృత్యము, అనగా సేవ, ఒకటి. తనవంటి రోగి ప్రక్కన గంటసేపు కూర్చుండువాడు తపస్వియే.

బంధువులారా! సంవత్సరాంతమున మనము ఖాతాలు సరిచూచుకొందుము. పర్యుషణాంతమున ఊరివారందరికి క్షమాపణ చెప్పుకొందుము. ఈ ఏడు మొదటి క్షమాపణను వీధిలోనివారికి చెప్పకుడు. వెనుక గది తలుపు తీసి, అందున్నవానికి చెప్పుడు. పిదప వాని ప్రక్కన కూర్చుండుడు.

జయ జినేంద్ర!