పంటి చిట్టా

మంగళవారం తెల్లవారేసరికే వేలూరు పక్కన పొయ్‌గై సంత నిండిపోయి ఉంటుంది. బేరానికొచ్చినవాడు ముందు ధర అడగడు. ఒకచేత్తో ముక్కుతాడు పట్టి, రెండోచేత్తో కోడె కింది పెదవి దించుతాడు. "రెండు పళ్ళు" అంటాడు. అమ్మేవాడు ఇక వయసు ఊసెత్తడు.

మనిషి పిల్లకు మాత్రం కాగితం కావాలి. మాది గుడియాత్తం. మా అవ్వనడిగితే కౌండిన్యకు నీళ్ళు పొర్లిన ఏడు పుట్టానంటుంది, ఏ ఏడో ఆ ఏటికే తెలియాలి. మా నాయనను బడిలో వేసినరోజు అయ్యవారు కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమన్నారట. చెవి అందింది, పుట్టినరోజుగా జూన్ ఒకటో తేదీ పడింది. ఆ తేదీకే ఆయన రిటైరయ్యారు కూడా. మా ఊరి ఓట్లతోనే 1954 ఉప ఎన్నికలో గెలిచిన ముఖ్యమంత్రి కామరాజ్ పల్లెల్లో బళ్ళు తెరిపించి, మధ్యాహ్నం అన్నం పెట్టించారు. అయినా అగ్గిపుల్లలు పేర్చే షెడ్లలో, తునికాకు కత్తిరించే అరుగుల మీద చిన్నచేతులు చాలాకాలం ఆడుతూనే ఉన్నాయి. ఎంతరా నీకు అని అధికారి అడిగితే, "పదునాలుగు దాటిందయ్యా." నోరు చెప్పేది ఒకటి, నోట్లో పన్ను చెప్పేది ఇంకొకటి. 1986 బాలకార్మిక చట్టం వయసు తగాదాను డాక్టరు దగ్గరకు పంపమన్నది అందుకే.

ఈ తగాదా మన దగ్గర పుట్టింది కాదు. తొమ్మిదేళ్ళు నిండని పిల్లలను బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని 1833లో ఇంగ్లండులో చట్టం వచ్చింది. పొడుగు చూసి వయసు కట్టేవారు. 1837లో ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు వెయ్యిమందికి పైగా పిల్లల నోళ్ళు చూసి, ఎత్తుకన్నా పన్నే నమ్మదగిన సాక్షి అని పార్లమెంటుకు విన్నవించాడు. పొగగొట్టాల కింద నిలబెట్టిన ఆ పిల్లలకు తమ దవడే తమ తరఫు వకీలని తెలిసి ఉండదు.

ఆరేళ్ళ పిల్ల దవడను ఎక్స్‌రేలో చూశారా? ఒక్కసారి చూడాలి. పైన పాలపళ్ళు, వాటి అడుగున నారుమడిలా రేపటి పళ్ళు. ఒకదానికి తల కట్టింది, మెడ లేదు. ఇంకొకదానికి వేరు సగం దిగి, అడుగు గరాటాలా తెరుచుకుని ఉంది. ఇంకొకటి ఉత్త టోపీ, అంతే. చిగురు చీల్చుకుని బయటపడడం కాస్త ముందూ వెనకా కావచ్చు గానీ, లోపల జరిగే ఈ కట్టుబడి అంత తొందరగా దారి తప్పదు. అరకడుపు బతుకు ఎముకను కుంగదీస్తుంది, ఒడ్డూ పొడుగూ తగ్గిస్తుంది. పంటి కాలెండరు మీద దాని చెయ్యి అంతగా పడదు. మాంట్రియల్‌లో డెమిర్జియన్ బృందం 1973లో కింది దవడ ఎడమవైపు ఏడు పళ్ళు తీసుకుని, ఒక్కోదాని ఎదుగుదలకు ఎనిమిది మెట్లు కట్టింది. అవి ఫ్రెంచి కెనడా పిల్లల లెక్కలు. మన పిల్లలకు సరిపడే సూత్రాలను ధారవాడకు చెందిన ఆశిత్ ఆచార్య 2011లో ప్రకటించారు. ఇంతా చేసి నిఖార్సయిన డాక్టరు "పన్నెండు, పదునాలుగు మధ్య" అని మాత్రమే రాస్తాడు. జూన్ ఒకటి అని రాయడు. నాకు ఆ జంకే నచ్చుతుంది.

ఇంకా లోపలికి పోతే మాట పెగలదు. పంటి పింగాణీ రోజుకింతని, దాదాపు నాలుగు మైక్రాన్ల చొప్పున పేరుకుంటుంది. పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే రోజుకో గీత. పాలపన్నులో అన్ని గీతలకన్నా ముదురుగా ఒకటుంటుంది. అది పుట్టుక గీత. తల్లికడుపులో వెచ్చగా ఉన్న బిడ్డ గాలిలో పడిన కుదుపుకు పింగాణీ కట్టే కణాలు తడబడిన గుర్తు. మట్టిలో దొరికిన పసికందు పన్నులో ఆ గీత తేటగా కనిపిస్తే, ఆ బిడ్డ పుట్టి కొన్నాళ్ళయినా బతికిందని శాస్త్రవేత్త చెప్పగలడు. ఏ మునసబూ రాసుకోని పుట్టుక, ఏ పురిటి మంత్రసానీ సాక్ష్యానికి రాని పుట్టుక.

మొన్న మా చెల్లెలి కూతురికి ముందుపన్ను ఊడింది. అరచేతిలో పెట్టుకుని వచ్చి "మామా, రక్తం!" అంది, భయం పావు, గర్వం ముప్పావు. ఆ సందులోంచి కొత్తపన్ను అప్పుడే తొంగి చూస్తోంది, అంచున రంపంలా మూడు బొడిపెలు, ఇంకా దేన్నీ కొరకలేదు. అవ్వ ఎక్కడినుంచో పేడ తెప్పించి, పన్నును ముద్దలో పెట్టి, మిద్దెమీదకు విసిరేయమంది. పిల్ల కళ్ళు మూసుకుని బలంకొద్దీ విసిరింది. పైన ఎక్కడో టప్పుమంది.

ఆ పిల్ల పుట్టిన రాత్రి ఇప్పుడు మా మిద్దెమీద, నీళ్ళ ట్యాంకు పక్కన ఎక్కడో ఉంది.