మన వెనుక నిలుచున్నవాడు

మనిషి జీవితంలో చిన్నదిగా కనిపించే ఏ వ్యవహారమూ నిజానికి చిన్నది కాదు. తూకంలో, కొలతలో, మాటలో, వాగ్దానంలో అతను చూపే న్యాయమే అతని విశ్వాసానికి గీటురాయి. నమాజులో భుజానికి భుజం కలిపి వరుస సరిచేసుకునే మనిషి, మసీదు గడప దాటగానే వరుస తప్పితే ఆ నమాజు అతనికి ఏం నేర్పినట్లు?

కాలంతోపాటు వరుసలు కూడా మారుతున్నాయి. రేషన్ దుకాణం ముందు, రైల్వే కౌంటరు ముందు నిలబడినప్పుడు ముందున్నవాడి వీపు, వెనుకున్నవాడి ముఖం కనిపించేవి. మధ్యలో దూరినవాణ్ణి నలుగురూ నిలదీసేవారు. ఇప్పుడు చాలా వరుసలు కంటికి కనిపించవు. విమాన సంస్థలు ఇచ్చే పాయింట్లతో సీటు తీసుకోవడానికి కట్టే వరుస అలాంటిదే. పిల్లలు సింగపూర్‌లోనో, ఆస్ట్రేలియాలోనో, అమెరికాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది ఇప్పుడు పరిచయమైన విషయమే. ఆ వరుసలో మన ధర్మం ఏమిటి? నిలదీసే నలుగురు లేనిచోట మనిషి ఎలా నడుచుకోవాలి?

పాయింట్ల సీటు ఎక్కడ నుంచి వస్తుంది?

ముందు విషయాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. తరచూ ప్రయాణించేవారికి మైళ్ళు లెక్కగట్టి బహుమతిగా టికెట్టు ఇచ్చే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఇలాంటి పథకం మొదలుపెట్టాక మిగిలిన సంస్థలూ ఆ దారి పట్టాయి. తర్వాత బ్యాంకులు తోడయ్యాయి. కార్డుతో చేసిన ఖర్చుకు పాయింట్లు, ఆ పాయింట్లకు మైళ్ళు, ఆ మైళ్ళకు టికెట్టు. దీన్నే అవార్డు టికెట్టు అంటున్నారు.

అయితే విమానంలోని ప్రతి సీటూ అవార్డు సీటు కాదు. డబ్బుకు అమ్ముడుపోదని సంస్థ అంచనా వేసుకున్న కొద్ది సీట్లనే పాయింట్లకు కేటాయిస్తుంది. సెలవులు, పండుగల రోజుల్లో ఆ కొద్ది సీట్లు కూడా దొరకడం కష్టం. అందుకే కొన్ని సంస్థలు వెయిట్‌లిస్టు పెట్టాయి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ పథకం ఇందుకు మంచి ఉదాహరణ. అందులో ప్రయాణానికి 355 రోజుల ముందునుంచే అవార్డు సీటు కోరవచ్చు. సీటు లేకపోతే వెయిట్‌లిస్టులో పేరు రాయించుకోవచ్చు. సీటు ఖాయమైతే కబురు వస్తుంది. ఇచ్చిన గడువులోపు మైళ్ళు, పన్నులు చెల్లించి టికెట్టు తీసుకోవాలి. గడువు దాటితే ఆ సీటు చేజారుతుంది.

రైల్వే వెయిటింగ్ లిస్టులో మన నంబరు మనకు తెలుస్తుంది. నిన్న నలభై ఉన్నది నేడు పన్నెండుకు వస్తే ఆశ పెరుగుతుంది. ఇక్కడ అలాంటి నంబరు కనిపించదు. కేవలం ముందు వచ్చినవారికే ముందు అన్న లెక్క కూడా లేదు. తమతో ఎక్కువగా ప్రయాణించే పి.పి.ఎస్. క్లబ్, ఎలీట్ సభ్యులకు సంస్థ ప్రాధాన్యమిస్తుంది. ఇది ముందే ప్రకటించిన షరతు. తెలిసి ఒప్పుకున్న షరతును అన్యాయమని నిందించడం తగదు.

మరి ఈ వరుస ఎలా కదులుతుంది? రెండు కారణాల వల్ల. ప్రయాణం దగ్గరపడ్డాక సీట్లు ఇంకా మిగిలి ఉన్నాయని గమనించి సంస్థ మరికొన్నింటిని అవార్డు కోటాలో కలపడం ఒకటి. అప్పటికే సీటు పట్టుకున్నవారు దాన్ని వదులుకోవడం రెండోది. మొదటిది సంస్థ చేతిలో ఉంది. రెండోది మనలాంటి ప్రయాణికుల చేతిలో ఉంది. మన చర్చంతా ఈ రెండో దాని గురించే.

అసలు ప్రశ్న

ఒక వ్యక్తి వేసవి సెలవుల్లో కుటుంబంతో ప్రయాణించాలనుకున్నాడు. ఏ తేదీకి దొరుకుతుందో తెలియదు కనుక నాలుగు తేదీలకు వెయిట్‌లిస్టులో పేరు రాయించాడు. ఇంతవరకు తప్పు పట్టవలసిందేమీ లేదు. కొన్నాళ్ళకు మే 10కి సీటు ఖాయమైంది. అతనికి అది చాలు. కానీ మిగతా మూడు తేదీలను రద్దు చేసుకోలేదు. 'ఉండనీ, పోయేదేముంది' అనుకున్నాడు. తర్వాత మే 17కి కూడా సీటు వచ్చింది. మైళ్ళు మిగిలి ఉన్నాయి కనుక అదీ తీసుకున్నాడు. ప్రయాణానికి ముందు రద్దు చేసుకుంటే కొద్దిపాటి రుసుము పోను మైళ్ళు తిరిగి ఖాతాలో చేరతాయి. కాబట్టి రెండింటినీ చేతిలో ఉంచుకుని, చివరి రెండు రోజుల్లో ఒకటి వదిలేశాడు.

అతను సంస్థ నియమం ఏదీ ఉల్లంఘించలేదు. అబద్ధమాడలేదు. రుసుము కూడా చెల్లించాడు. అలాంటప్పుడు ఎవరికి నష్టం?

మే 17 సీటు కోసం మరొకరు ఎదురుచూస్తూ ఉండవచ్చు. కూతురి కాన్పుకు వెళ్ళవలసిన తల్లి కావచ్చు. ఏళ్ళ తరబడి పొదుపు చేసిన మైళ్ళు గడువు తీరిపోతున్నాయని ఆందోళన పడుతున్న చిరుద్యోగి కావచ్చు. క్రిస్‌ఫ్లయర్ మైళ్ళకు 36 నెలలే కాలపరిమితి. ఆ తల్లి నెల రోజులు చూసి, ఆశ వదులుకుని, అప్పు చేసి టికెట్టు కొనుక్కున్న తర్వాత ఈయన సీటు వదిలాడు. అప్పుడు వదిలిన సీటు ఆమెకు ఎందుకు? వీసా, సెలవు, ఇంటి ఏర్పాట్లు అన్నీ ముందే జరగవలసినవి. కాబట్టి వదలడం ఒక్కటే చాలదు. ఎప్పుడు వదిలామన్నది కూడా న్యాయంలో భాగమే.

హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు

ఈ ప్రశ్న కొత్తదిగా కనిపిస్తున్నా దీని మూలం పాతదే. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా సమీపంలోని అఖీఖ్ లోయలో కొంత భూమిని హజ్రత్ బిలాల్ బిన్ హారిస్ ముజనీ (రజి) గారికి ఇచ్చారు. (అజాన్ ఇచ్చిన హజ్రత్ బిలాల్ (రజి) గారు వేరు.) ఆ భూమి చాలా విశాలమైనది. ఆయన దానిలో కొంతే సాగుచేయగలిగారు. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫా అయ్యాక ఆయన్ను పిలిపించి, ఆ భూమిని ప్రవక్త (స) ఇచ్చింది దున్ని వాడుకోవడానికే తప్ప ప్రజలకు దక్కకుండా అడ్డుగా ఉంచుకోవడానికి కాదని చెప్పారు. సాగుచేయగలిగినంత ఉంచుకుని మిగతాది తిరిగి ఇమ్మన్నారు. స్వయంగా ప్రవక్త (స) ఇచ్చినదాన్ని ఎలా వదులుకోనని బిలాల్ (రజి) గారు బాధపడ్డారు. అయినా హజ్రత్ ఉమర్ (రజి) ఆయన వాడుకోలేని భాగాన్ని తీసుకుని ముస్లింలకు పంచిపెట్టారు.

ఈ సంఘటనను జాగ్రత్తగా గమనించండి. బిలాల్ (రజి) గారు దొంగిలించలేదు, ఆక్రమించలేదు. అత్యంత పవిత్రమైన చేతుల మీదుగా ఆ భూమి ఆయనకు దక్కింది. అంటే హక్కు గురించి ఏ సందేహమూ లేదు. అయినా వాడకం లేని చోట ఆ హక్కు ఇతరులకు అడ్డుగోడగా మారింది. అవసరమైనవారు ఎదురుచూస్తూ ఉండగా, వాడనిదాన్ని పట్టుకుని కూర్చోవడానికి 'ఇది నాకు సక్రమంగానే వచ్చింది' అన్న మాట సమాధానం కాజాలదు.

ఎడారి ప్రయాణికుల విషయంలోనూ ఇదే బోధ ఉంది. తన అవసరానికి మించిన నీటిని బాటసారికి దక్కకుండా ఆపేవాణ్ణి ప్రవక్త (స) తీవ్రంగా హెచ్చరించారు. సభలో కూర్చున్నవాణ్ణి లేపి అతని చోట కూర్చోవద్దని, వచ్చినవారికి సర్దుకుని చోటివ్వమని బోధించారు. బావి నీరైనా, సభలో చోటైనా, విమానంలో సీటైనా సూత్రం ఒకటే. అవసరం తీరాక మిగిలినది ఎదురుచూసేవారికి దారి ఇవ్వాలి.

రెండు అభ్యంతరాలు

ఇక్కడ ఒకరు అడగవచ్చు: 'నేను వదిలినంత మాత్రాన ఆ సీటు అవసరమైన తల్లికే వెళుతుందా? నాకంటే సంపన్నుడైన ఎలీట్ సభ్యుడికి వెళ్ళవచ్చు. లేదా సంస్థే వెనక్కి తీసుకుని డబ్బుకు అమ్ముకోవచ్చు.' ఈ మాటలో నిజం ఉంది. అది ఎవరికి చేరుతుందో మనం నిర్ణయించలేం. కానీ దారిలో పడి ఉన్న ముల్లును తీసేవాడు ఆ దారిన ఎవరు నడుస్తారో లెక్కవేసి తీయడు. ఎవరు నడిచినా అతని పుణ్యం అతనిదే. మన చేతిలో ఉన్నది తలుపు తెరవడం. ఎవరు ప్రవేశిస్తారన్నది మన చేతిలో లేదు, దానికి మనం జవాబుదారులమూ కాము.

మరొకరు అడగవచ్చు: 'నిజంగానే నా ప్రయాణ తేదీ తేలలేదు. ఆసుపత్రి తేదీ మారుతోంది, లేదా సెలవు మంజూరు కాలేదు. రెండు సీట్లు ఉంచుకోక ఏం చేయను?' ఇది న్యాయమైన ప్రశ్న. జాగ్రత్తపడటం వేరు, పోగుచేసుకోవడం వేరు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవాలంటే ఎవరికి వారు తమ సంకల్పాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించుకోవాలి.

మొదటిది: ఈ రెండో సీటులో కూర్చునే అవకాశం నిజంగా ఉందా, లేక చేతిలో ఉంటే మంచిదన్న ఆశ మాత్రమేనా? రెండోది: ఏది వదలాలో తేలేది ఏ రోజున? ఆ రోజును ముందే నిర్ణయించుకున్నానా? మూడోది: తేలిన రోజునే వదులుతున్నానా, లేక బద్ధకంతో చివరి గడియదాకా సాగదీస్తున్నానా? ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పగలిగినవాడు నిశ్చింతగా ఉండవచ్చు. ఇది ఫత్వా కాదు. ధర్మసమ్మతం, అధర్మం అన్న తీర్పులు విద్వాంసుల పని. నియమం అనుమతించిన హద్దు లోపల కూడా మేలైనదాన్ని ఎంచుకోవడం ఇహ్‌సాన్ అనిపించుకుంటుంది. ఇక్కడ మాట్లాడుతున్నది దాని గురించే.

మెడల మీదుగా నడిచేవాడు

వెయిట్‌లిస్టులో ఉన్నవాడికి ఓపిక నశించినప్పుడు మరికొన్ని ఆకర్షణలు ఎదురవుతాయి. ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని కట్టుకథ చెప్పడం, లేని మరణాన్ని సృష్టించడం, తెలిసిన ఉద్యోగి చేత లోపల నుంచి పేరు పైకి జరిపించుకోవడం, ఇతరుల ఖాతాల మైళ్ళను చాటుగా కొనడం. చివరిదాన్ని ఈ పథకాల నియమాలు స్పష్టంగా నిషేధిస్తాయి. ఒప్పందంలో చేరి దాన్ని చాటుగా భంగపరచడం విశ్వాసికి తగదు.

ఒక శుక్రవారం ప్రవక్త (స) ఖుత్బా ఇస్తుండగా ఒక వ్యక్తి కూర్చున్నవారి మెడల మీదుగా దాటుతూ ముందుకు వచ్చాడు. ఆయన అతన్ని అక్కడే కూర్చోమని, జనాన్ని బాధించావని మందలించారు. అతను వెళుతున్నది మసీదులో ముందు వరుసకే, కోరుకున్నది పుణ్యమే. అయినా ఇతరుల మెడల మీదుగా నడిచి చేరే ముందు వరుసకు విలువ లేదని దీని ద్వారా అర్థమవుతుంది. కంప్యూటరులో ఉన్న పేర్లకు మెడలు కనిపించకపోవచ్చు. కానీ బాధ నిజమైనదే.

నిజమైన అవసరం ఉంటే ఉన్నది ఉన్నట్లుగా సంస్థకు ఫోన్ చేసి చెప్పడంలో తప్పు లేదు. అడగడం వేరు, వంచించడం వేరు.

ఎదురుచూపులో ప్రయత్నం

ఒంటెను కట్టేసి దైవంపై భారం వేయమన్న బోధ అందరికీ తెలిసినదే. వెయిట్‌లిస్టుకు కూడా ఇది వర్తిస్తుంది. తేదీల్లో కొంత వెసులుబాటు ఉంచుకోవాలి. సీటు ఖాయమైన కబురు అందేలా ఫోన్ నంబరు, ఈ-మెయిల్ సరిచూసుకోవాలి. క్రిస్‌ఫ్లయర్‌లో తన మైళ్ళతో ఐదుగురు వరకు నామినీలకు టికెట్టు తీసుకోవచ్చు. తల్లిదండ్రుల పేర్లను ముందే చేర్చుకుంటే చివర్లో హైరానా ఉండదు. బ్యాంకు పాయింట్లను మైళ్ళుగా మార్చాక అవి వెనక్కి రావు కనుక తొందరపడి అన్నీ మార్చకూడదు. తప్పనిసరి ప్రయాణమైతే వెయిట్‌లిస్టునే నమ్ముకుని కూర్చోకుండా మరో మార్గం సిద్ధం చేసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, పాయింట్ల కోసం స్థోమతకు మించి ఖర్చుచేసి కార్డు బకాయిపై వడ్డీ కట్టే స్థితికి దిగజారకూడదు. ఉచిత సీటు కోసం వడ్డీ ఊబిలో దిగడం లాభసాటి బేరం ఎలా అవుతుంది?

ఇవన్నీ చేశాక కూడా సీటు రాకపోతే, అది మనకు రాసిపెట్టిన సీటు కాదని ప్రశాంతంగా ఉండగలగాలి.

హజ్ దరఖాస్తుదారులకు ఈ ఎదురుచూపు ఇంకా బాగా తెలుసు. భారత హజ్ కమిటీకి కోటాకు మించి దరఖాస్తులు వచ్చినప్పుడు ఖుర్రా తీస్తారు. పేరు రానివారు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. ఎంపికైనవారిలో కొందరు విరమించుకుంటే వీరికి పిలుపు వస్తుంది. వెళ్ళలేనని తెలిసిన రోజునే విరమించుకున్నవాడు ఒక వృద్ధుడికి ఇహ్రాం దుస్తులు సిద్ధం చేసుకునే వ్యవధినిచ్చాడు. 'చూద్దాంలే' అని చివరిదాకా లాగినవాడు ఆ వ్యవధిని హరించాడు. ఇద్దరూ వదిలింది ఒకే సీటు. కానీ ఇద్దరి ఆచరణ ఒకటి కాదు.

సోదర సోదరీమణులారా! వరుసలో నిలబడినప్పుడు మన చూపు సహజంగా ముందుకే ఉంటుంది. ముందున్నవాడు ఎప్పుడు కదులుతాడా అని చూస్తాం. అదే క్షణంలో మన వెనుక ఒకడు మనవైపు అలాగే చూస్తున్నాడు. అతని పేరు మనకు తెలియదు, అతని మతం తెలియదు, భాష తెలియదు. మనం వదిలిన సీటు అతనికి దక్కితే ఆ మేలు చేసింది ఎవరో అతనికీ తెలియదు. అతను మనకు కృతజ్ఞత చెప్పడు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియని దానం ఎంత గొప్పదో మనకు తెలిసినదే. ఇది దానితో సమానమైన అవకాశం. అందుకు ఖర్చు కూడా లేదు. ఇక అవసరం లేని పేరును ఈరోజే రద్దు చేసుకుంటే చాలు.

అల్లాహ్ మనందరికీ కనిపించని తోటివారి హక్కులను గుర్తించే మనసును, ఎదురుచూపులో సహనాన్ని, దొరికినప్పుడు సంతృప్తిని ప్రసాదించుగాక! ఆమీన్.